ఓడేవాళ్లు లేని లీగు

పట్టణ పాఠశాలల టేబుల్ టెన్నిస్ జట్ల లీగు ఈ ఏడాది నిర్విఘ్నంగా ముగిసిందనీ, పాల్గొన్న ఎనిమిది పాఠశాలలూ ప్రథమ స్థానం సాధించాయనీ నిర్వాహక సంఘం సగర్వంగా ప్రకటించింది. ఇందులో అచ్చుతప్పేమీ లేదు. ఎనిమిది జట్లు బరిలోకి దిగాయి, ఎనిమిదీ గెలిచాయి. ఎవరూ ఓడకుండా ఇంతమంది ఎలా గెలిచారని అడిగే అమాయకులు ఇంకా అక్కడక్కడా మిగిలే ఉన్నారు కనుక, వారికోసం సంగతి మొదటినుంచీ చెప్పుకోవలసి వస్తోంది.

మొదట్లో ఇది మామూలు లీగే. రైలు గేటు పక్కనున్న చిన్న బడిలో డ్రిల్లు మాస్టారికి పుట్టిన ఆలోచన. ఆ బడిలో ఉన్నది ఒకే ఒక్క టేబుల్ టెన్నిస్ బల్ల. వారంలో సగం రోజులు దానిమీద కుట్టుపని క్లాసు జరుగుతుంది. ఒకనాడు కుట్టు టీచరు వేడి ఇస్త్రీ పెట్టెను దానిమీద ఉంచి కబుర్లలో పడ్డారు. అప్పటినుంచీ బల్ల ఎడమ మూలన ఇస్త్రీ పెట్టె ఆకారంలో ఒక నల్లమచ్చ ఉంది. బంతి ఆ మచ్చమీద పడితే పైకి లేవదు, అలిగినట్టు పక్కకు జారుకుంటుంది.

ఆ బల్ల దగ్గర రోజూ సాయంత్రం ఆఖరి తరగతి పిల్ల ఒకతె ఆడుతుండేది. బంతి చప్పుడు స్టాఫ్‌రూము దాకా వినపడుతుంది కాబట్టి అందరూ ఆ అమ్మాయిని టకటక అనేవాళ్లు. అసలు పేరు హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎవరికీ గుర్తురాదు. జట్టులో ఇంకో ముగ్గురున్నారు గానీ, వాళ్లు జట్టుకు నలుగురు ఉండాలి కాబట్టి చేరినవాళ్లు. టకటక సర్వీసు చేస్తే ఒకతె కళ్లు మూసుకునేది, ఇంకొకతె బల్లకింద దూరేది, మూడో అమ్మాయికి సరిగ్గా అప్పుడే దాహం వేసేది. అందుకని టకటక బల్లలో ఒక సగాన్ని నిలువుగా మడిచిపెట్టి, ఆ పలకతోనే ఆడుకునేది. పలక మంచిదే. అలసిపోదు, ఇంటికి పోతాననదు. ఎంత గట్టిగా కొడితే అంత గట్టిగానూ తిరిగి ఇస్తుంది. కాకపోతే దాన్ని గెలవడం ఎవరివల్లా కాదు, దానిచేతిలో ఓడిపోవడమూ కుదరదు.

"మాస్టారూ, బడి వదిలేలోగా నన్ను ఒక్కసారి మనిషితో ఆడిస్తారా?" అని అడిగింది ఆ పిల్ల ఒకరోజు.

ఈ ఏడాదితో బడి అయిపోతుంది. ఆ తర్వాత బ్యాటు అటకమీదికేనని వాళ్లమ్మ ముందే తేల్చిచెప్పింది. ఆ సంగతి మాస్టారికీ తెలుసు.

"ఒక్కసారేంటి తల్లీ, ఏకంగా లీగే పెట్టిస్తాను. పెద్దబడి ఎర్ర రిబ్బనుతో కూడా ఆడుదువుగాని" అని మాటిచ్చేశారు.

ఎర్ర రిబ్బను అంటే పెద్దబడి జట్టులో మేటి. ఆ బడిలో నాలుగు బల్లలున్నాయి, బంతులు విసిరే యంత్రం కూడా ఉంది. తమ బడిలో సాటివాళ్లు దొరక్క ఆ అమ్మాయి ఎప్పుడూ ఆ యంత్రంతోనే ఆడుతుంటే టకటక కిటికీ ఊచల్లోంచి ఒకసారి చూసింది. ఆ రాత్రి సరిగ్గా నిద్రపోలేదట.

మాస్టారు మిగతా ఏడు బళ్లూ తిరిగారు, కాళ్లరిగేలా. లీగు అనగానే సంఘం కావాలన్నారు, సంఘం అనగానే అధ్యక్షుడు కావాలన్నారు. అధ్యక్షులవారు విద్యాశాఖలో చిన్న కుర్చీలోంచి పెద్ద కుర్చీలోకి ఎదిగి, రిటైరయ్యాక కూడా కుర్చీని విడిచి ఉండలేకపోతున్న పెద్దమనిషి. జీవితంలో బ్యాటు పట్టి ఎరగరు కనుక ఏ జట్టుపట్లా పక్షపాతం ఉండదని ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు. కార్యదర్శి పదవి బజారులో కప్పులూ షీల్డులూ అమ్మే షాపాయనకు దక్కింది. క్రీడలపట్ల ఆయన ప్రేమ నిష్కళంకమైనది. ఎవరు గెలిచినా ఆయనకు సమానమైన ఆనందం కలుగుతుంది.

మొదటి సమావేశం చాలా పేలవంగా జరిగింది. ప్రతి జట్టూ మిగతా అన్ని జట్లతోనూ ఆడాలి, ఎక్కువ గెలిచినవాళ్లకు కప్పు. టీ వచ్చేలోగా అంతా తేలిపోయింది. ఇంత తేలిగ్గా అయిపోతే మరి సంఘం ఎందుకన్న బెంగ అందరి మొహాల్లోనూ కనిపించింది.

ఆ బెంగ తీర్చింది డ్రిల్లు మాస్టారే. రెండో సమావేశంలో మ్యాచుల వరస చదివారు. మొట్టమొదటిది గేటు బడికీ పెద్దబడికీ పడింది. ఎర్ర రిబ్బనుతో ఆడాలన్నది టకటక కోరికే, కానీ జట్టులో మిగతా ముగ్గురి సంగతి ఆయనకు తెలుసు. ఊరంతా చూస్తుండగా ఒకతె బల్లకింద దూరితే తన పరువేం కావాలి. మెల్లగా లేచి నిలబడ్డారు.

"అయ్యా, చిన్న మనవి. మొదటి మ్యాచే పెద్దబడితో అంటే మా పిల్లలు కాస్త బెదురుతారు. దాన్ని మూడోదో నాలుగోదో చేస్తే చాలు."

అధ్యక్షులవారు కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారు. ఆయన కళ్లజోడు తీశారంటే ఇక భోజనాల వేళ దాటినట్టే.

"మాస్టారు ఎంతో లోతైన సమస్యను మన ముందుంచారు. బెదురు. నేడు బెదిరిన బాలిక రేపు బెదిరిన పౌరురాలు. పౌరులు బెదిరితే సమాజం గతేమిటి? సమాజం గతి తప్పితే టేబుల్ టెన్నిస్ గతేమిటి? కావున మ్యాచుల వరస సంగతి తర్వాత, ముందు బెదురు సంగతి తేల్చవలసి ఉన్నది."

అప్పటికప్పుడు బెదురు నివారణ ఉపసంఘం వెలిసింది. అది పట్టుదలగా పనిచేసి, సమ ఉజ్జీల మధ్యనే పోటీ జరగాలన్న మహత్తర సూత్రాన్ని కనిపెట్టింది. ఎవరు ఎవరికి సమ ఉజ్జీయో ఆడితేగాని తెలియదు, ఆడితే బెదురుతారు. అందుచేత ఎవరి బలం ఎంతో వాళ్లనే రాసిమ్మన్నారు. కొత్తగా పిల్లల్ని చేర్చుకునే రోజుల్లో మాకు సాటి లేదని గేటుకు బోర్డులు కట్టే ఎనిమిది బళ్లూ, తాము అత్యంత బలహీనులమని రాసిచ్చాయి. పెద్దబడివారైతే తమ జట్టులో అందరికీ మణికట్టు నీరసమని డాక్టరు కాగితం కూడా జతచేశారు.

అందరూ సమానంగా బలహీనులు కాబట్టి అందరూ సమ ఉజ్జీలే, ఆట మొదలుపెట్టొచ్చని మాస్టారు సంబరపడ్డారు. అంతలో కప్పుల షాపాయన గొంతు సవరించుకుని, బలహీనుల విభాగానికి తమ షాపులో దొరికే కప్పు బొటనవేలంత ఉంటుందని మనవి చేశారు. మర్నాటికల్లా ఎనిమిది బళ్లూ తాము మిక్కిలి బలవంతులమని తిరగరాసిచ్చాయి. ఒక్క రాత్రిలో పట్టణంలో క్రీడా ప్రమాణాలు ఇంతగా పెరిగినందుకు సంఘం హర్షం వ్యక్తం చేసింది.

ఎందుకొచ్చిన గొడవని లీగును రెండు విభాగాలు చేశారు. ఏ విభాగంలో చూసినా ఎవరో ఒకరు చివర మిగులుతున్నారు. నాలుగు విభాగాలు చేశారు. విభాగానికి రెండేసి జట్లు వచ్చాయి. అప్పుడు ఒక తండ్రి మిగతా తల్లిదండ్రులను వెంటబెట్టుకుని సమావేశానికి వచ్చాడు.

"ఇద్దరాడితే ఒకరు ఓడాలి కదండీ. మావాడు ఇంట్లో క్యారమ్స్ ఓడిపోతేనే అన్నం మానేస్తాడు. అందుకని ఇంటిల్లిపాదీ వాడి చేతిలో ఓడిపోతుంటాం. వాళ్ల నానమ్మయితే కాయిన్ ముట్టుకోదు కూడాను. కన్నవాళ్లం మేమే ఇంత ఓర్చుకుంటున్నామే, బయటివాళ్లకు ఆ మాత్రం మర్యాద ఉండొద్దా?" అన్నాడు.

ఇది విని ఇద్దరు ముగ్గురు తల్లులు కళ్లొత్తుకున్నారు. అధ్యక్షులవారు మళ్లీ కళ్లజోడు తీశారు. ఆ సమావేశం ముగిసేసరికి విభాగాలు ఎనిమిదయ్యాయి, విభాగానికి ఒక్క జట్టు. మొదటి విభాగం, రెండో విభాగం అంటే వెనకున్నవాళ్లు నొచ్చుకుంటారు గనుక వజ్రం, మరకతం, మాణిక్యం, ముత్యం అంటూ రత్నాల పేర్లు పెట్టారు. తొమ్మిది రత్నాల్లో పగడం ఒకటి మిగిలిపోయింది. అవసరం పడకపోదని దాన్ని పక్కన ఉంచారు. పెద్దబడికి వజ్రం, గేటు బడికి ముత్యం వచ్చాయి. కప్పులు ఎనిమిదీ ఒకటే సైజు. కార్యదర్శిగారి మొహం ఆ సాయంత్రం కొత్తగా తోమిన కప్పులా మెరిసింది.

"అయితే పిల్లలు ఎవరితో ఆడతారండీ?" అన్నారు మాస్టారు.

గదిలో ఎవరో దగ్గారు. షాపాయన నొచ్చుకున్నట్టు చూశారు. "అదేంటి మాస్టారూ, అలా అంటారు? పిల్లలు బెదురుతారని మొదలుపెట్టింది మీరే కదండీ?"

అధ్యక్షులవారు స్వయంగా లేచి వచ్చి, ఇంతటి సంస్కరణకు ఆద్యులైన మాస్టారిని లీగు ప్రధాన సమన్వయకర్తగా నియమిస్తున్నామని ప్రకటించి, ఆయన చొక్కాకు బ్యాడ్జీ గుచ్చారు. అందరూ చప్పట్లు కొట్టారు. మాస్టారు అడగవలసిన రెండో ప్రశ్న ఆ చప్పట్లలో ఎటుపోయిందో తెలియదు. నిజం చెప్పాలంటే ఆయన దాన్ని పెద్దగా వెతకనూ లేదు.

ఇంటికెళ్లాక భార్య బ్యాడ్జీని పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది గుచ్చి నోరు మూయించారన్నమాట" అంది.

"నీకు తెలీదులే. పిల్లలు బెదురుతారని..."

"బెదిరింది పిల్లలా, మీరా?"

మాస్టారు కూర బాగుందన్నారు. ఆమె ఇంకా వడ్డించలేదు.

అక్కడినుంచి మాస్టారు టకటకకు మొహం చాటేయడం మొదలుపెట్టారు. స్టాఫ్‌రూములోంచి గేటుకు దగ్గరి దారి ఆ బల్ల గదిమీదుగానే. ఆయన మాత్రం సైకిళ్ల షెడ్డు చుట్టూ తిరిగి వెళ్లసాగారు. ఎన్నాళ్లని తిరుగుతారు, ఒకనాడు ఆ పిల్లే షెడ్డు దగ్గర కాచుకుని పట్టుకుంది.

"మా విభాగంలో ఇంకెవరున్నారు మాస్టారూ?"

"ముత్యంలోనా? మనమే తల్లీ."

"మరి నాకెదురుగా ఎవరుంటారు?"

మాస్టారు వంగి సైకిలు తాళం తీయసాగారు.

"మళ్లీ పలకేనా?" అంది ఆ పిల్ల. కోప్పడలేదు, ఏడవలేదు. ఊరికే అడిగింది. మాస్టారికి మాత్రం తన బ్యాడ్జీ పిన్ను ఎక్కడో లోపల గుచ్చుకున్నట్టయింది. అయినా తీయలేదు. బ్యాడ్జీ తీయడమంటే మాటలా.

ఇక లీగు నిర్వహణ విషయానికి వస్తే, ఎక్కడా లోటు రానివ్వలేదు. అంపైర్లకు శిక్షణ ఇప్పించారు. ఎదుట ఎవరూ లేనప్పుడు కూడా నిష్పక్షపాతంగా ఎలా ఉండాలన్నది శిక్షణలో ముఖ్యాంశం. ప్రతి మ్యాచుకూ టాస్ వేయాలి. బొమ్మా బొరుసూ రెండూ ఒకే కెప్టెన్ చెప్పవచ్చు. ఆట జరిగిందనడానికి రుజువుగా జట్టు తరఫున ఒకరు ఒక సర్వీసు చేయాలి. దాన్ని ఎవరూ తిరిగి కొట్టరు గనుక గెలిచినట్టే. మార్కెట్టు బడివారు తమ మ్యాచుకు తామే ఆలస్యంగా వచ్చారు. ఆలస్యంగా వచ్చినవాళ్లు ఓడినట్టేనని నిబంధన ఉంది, కానీ ఎవరి చేతిలో ఓడినట్టో చెప్పే నిబంధన లేదు. అప్పీళ్ల సంఘం కూర్చుని కూర్చుని, వాచీలన్నీ ముందుకు నడుస్తున్నాయని తీర్పు చెప్పింది.

ముగింపు ఉత్సవం పెద్దబడి హాల్లో. నాలుగు బల్లల్లో మూడింటిమీద తెల్లగుడ్డలు పరిచి కప్పులూ పూలగుత్తులూ శాలువాలూ పేర్చారు. నాలుగోదానికి మాత్రం వల కట్టి ఉంచారు, చివరి సర్వీసులు దానిమీదనే. పని త్వరగా తెమలడానికి ఒక మంచి ఏర్పాటు చేశారు. ఒక బడి తరఫున ఒకరు ఇటునుంచి సర్వీసు చేస్తారు. తర్వాతి బడి తరఫున ఒకరు అటువైపు నిలబడి ఆ బంతి పట్టుకుంటారు, తమ వంతు రాగానే ఇటువచ్చి అదే బంతితో తమ సర్వీసు చేసుకుంటారు. బంతి కోసం కుర్చీలకింద వెతుక్కునే శ్రమ ఉండదు.

ముత్యం తర్వాత వజ్రం. అంటే టకటక సర్వీసు చేస్తుంటే అటువైపు బంతి పట్టుకోవలసింది ఎర్ర రిబ్బను.

అధ్యక్షులవారు మైకు ముందు నిలబడి సమానత్వం గురించి చెబుతున్నారు. టకటక బంతి ఎగరేసింది. పలకను మెప్పించడానికి ఏళ్ల తరబడి సానపట్టిన సర్వీసు అది. బంతి వల దాటి, మెలి తిరిగి, బల్ల అంచుకేసి పారిపోబోయింది. ఎర్ర రిబ్బను చెయ్యి చాచాలి, బంతి పట్టుకోవాలి, అంతవరకే ఆమె పని. కానీ యంత్రం తప్ప ఎవరూ బంతి విసరని ఆ పిల్లకు, మొదటిసారి ఒక మనిషి బంతి విసిరింది. చేతిలో బ్యాటుంది. తిరిగి కొట్టేసింది.

టకటక కూడా కొట్టింది. అటునుంచి మళ్లీ వచ్చింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇక ఆగలేదు.

"మాస్టారూ, అదేమిటో చూడండి" అన్నారు అధ్యక్షులవారు మైకులోంచే.

మాస్టారు విజిలు నోట్లో పెట్టుకున్నారు. సమన్వయకర్త ధర్మం అది. ఊదితే చాలు, ఆగిపోతారు. ఆయన కళ్లముందు ఆ పిల్ల బంతికోసం ఎడమ మూలకు దూకింది, ఇస్త్రీ మచ్చ ఉంటుందనుకుని ముందే వంగింది. ఇక్కడ మచ్చ లేదు, బంతి నిటారుగా లేచి నెత్తిమీదుగా పోయింది. పిల్ల పకపకా నవ్వింది. మాస్టారు ఆ నవ్వు ఇంతకుముందు ఎప్పుడూ వినలేదు. పలకతో ఆడేటప్పుడు ఎవరూ నవ్వరు. ఆయన విజిలు తీసి జేబులో వేసుకుని, బల్ల పక్కకు వెళ్లి నిలబడ్డారు.

"నాలుగు, మూడు" అన్నారు గట్టిగా.

హాల్లో ఆ తర్వాత జరిగింది సంఘానికి తలవంపులే. అంపైర్లు శిక్షణ మర్చిపోయారు. తల్లులు లేచి నిలబడ్డారు. నానమ్మను కాయిన్ ముట్టుకోనివ్వని క్యారమ్స్ తండ్రి కుర్చీ ఎక్కి, కొట్టు కొట్టు అంటున్నాడు, ఎవరికి చెబుతున్నాడో అతనికే తెలియదు. బల్లకింద దూరే అమ్మాయి గొంతు అందరికంటే పెద్దగా వినిపించింది. సమానత్వం గురించి మైకు ఒంటరిగా మాట్లాడుతూనే ఉంది.

"పదకొండు, తొమ్మిది" అన్నారు మాస్టారు చివరికి. గొంతు బొంగురుపోయింది.

టకటక పరుగెత్తుకొచ్చింది. చెమటతో మొహం వెలిగిపోతోంది. "ఓడిపోయాను మాస్టారూ" అంది. మెడల్ వచ్చిందని చెప్పేవాళ్లు కూడా అంత సంతోషంగా చెప్పరు. ఎర్ర రిబ్బను ఆయాసపడుతూ వెనకే వచ్చి, "రేపు మీ బడికి రానా?" అని అడిగింది. చప్పట్లు ఎంతకూ ఆగలేదు.

ఆగాక ఏం జరిగిందో అందరికీ ఒకేసారి తట్టింది. లీగులో ఒకరు ఓడిపోయారు.

క్యారమ్స్ తండ్రి కుర్చీ దిగాడు. "ఇప్పుడు మావాడి కప్పు సంగతేంటండీ? ఇది చూసినవాళ్లు, మీవాడు ఎవర్ని గెలిచాడని అడగరూ?"

అడుగుతారన్న మాట నిజమే. అత్యవసర సమావేశం ఆ హాల్లోనే, నిలబడే జరిగింది. జరిగినది ఆట కాదనీ, బంతి అందజేతలో కలిగిన స్వల్ప జాప్యం మాత్రమేననీ తీర్మానం ప్రవేశపెట్టారు. ఒప్పుకునేవాళ్లు చేతులెత్తమన్నారు. అందరూ ఎత్తారు. చప్పట్లు కొట్టి కొట్టి అరచేతులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

ఎత్తనివాళ్లు ముగ్గురే. ఇద్దరు పిల్లలు, వాళ్లకు ఓటు లేదు. మూడోవారు బ్యాడ్జీ ఉన్నాయన. కప్పు అందుకునేటప్పుడు టకటక, "దీనిమీద ఎవర్ని గెలిచానో రాయరా అండీ?" అని మర్యాదగానే అడిగింది. షాపాయన కప్పును చుట్టూ తిప్పి చూసి, అంత చోటు లేదమ్మా అన్నారు.

మూడోరోజు మాస్టారికి సంజాయిషీ నోటీసు వచ్చింది. తమ విద్యార్థిని ఏ కారణము చేత ఓడినదో లిఖితపూర్వకముగా తెలియజేయవలెనని అందులో ఉంది. మాస్టారు భోజనానికి కూర్చునే ముందే ఒకే ఒక్క వాక్యం రాశారు. "ఆడినది గనుక ఓడినది." రాసి, బ్యాడ్జీ కూడా విప్పి అదే కవరులో పెట్టారు. ఆ పూట భార్య ఆయనను అడక్కుండానే మారు వడ్డించింది.

ఎర్ర రిబ్బను అన్నట్టే సైకిలేసుకుని గేటు బడికి వచ్చింది. మొదటి బంతే ఇస్త్రీ మచ్చమీద పడి జారుకుంది. ఆ రోజు వరసగా ఓడింది. ఇదెక్కడి బల్ల అని తిట్టుకుంటూ మర్నాడు మళ్లీ వచ్చింది. పెద్దబడిలో యంత్రం బంతులు విసురుకుంటూ గోడకేసి చూస్తోంది. టకటక బ్యాటు ఇంకా అటక ఎక్కలేదు. వాళ్లమ్మ తీసుకుపోదామని ఒక సాయంత్రం వచ్చి, కిటికీ దగ్గరే చీకటి పడేదాకా నిలబడి, ఉత్త చేతులతో వెళ్లిపోయింది.

సంఘం కూడా కక్షలు పెట్టుకునేది కాదు. మాస్టారి మాటకు విలువిచ్చి, పక్కన ఉంచిన పగడాన్ని బయటికి తీసింది. వచ్చే ఏడాది లీగులో తొమ్మిదోది పగడ విభాగం. అందులో చేరినవాళ్లకు ఎదురుగా మనిషి ఉంటాడు. ఓడినా ఓడవచ్చు. రెండు జట్లయినా చేరితేనే విభాగం ఉంటుంది, లేకపోతే రద్దు. జట్లను కూర్చుకునే పని పూర్తిగా మాస్టారిదే.

పాపం, ఆయన ఇంటింటికీ తిరుగుతున్నారు. ఎక్కడికి వెళ్లినా కూర్చోబెట్టి మంచినీళ్లిస్తున్నారు. ఆ రోజు ఆట భలే ఉందండీ, మా ఒళ్లు పులకరించిపోయిందండీ అంటున్నారు. మీవాణ్ని చేర్చండి మరి అంటే, గెలుస్తాడని గ్యారంటీ ఏమైనా ఉందాండీ అని అడుగుతున్నారు. అద్దాల బీరువాలో ఈ ఏటి కప్పు, తుడిచి తుడిచి, తళతళలాడుతూ ఉంటోంది.

నిన్న సాయంత్రం ఆయన మీ తలుపు కూడా తట్టారు. లోపల లైటు వెలుగుతోంది. ఎవరూ లేరని మీ పిల్లవాడి చేతే చెప్పించారు.